నెట్ నెమ్మదిగా ఉందని స్కాన్ ఆగిపోవాలా?

మారుమూల ఆసుపత్రిలో సి.టి. స్కాన్ యంత్రం ఉంటుంది. దానిని చదివే రేడియాలజిస్టు నగరంలో ఉంటారు. ఇద్దరికీ నడుమ ఉన్నది ఇంటర్నెట్టే. "నెట్ లేదు, రిపోర్టు ఇంకా రాలేదు" అన్న సమాధానం మీలో చాలామంది వినే ఉంటారు. అందులో సగం మాత్రమే నిజమని నా అభిప్రాయం.

ముందుగా లెక్క చూడండి. సి.టి.లో ఒక్కొక్క స్లైసు అడ్డం 512, నిలువు 512 బిందువులు. బిందువుకు రెండు బైట్ల చొప్పున అది అర మెగాబైటు. సన్నని స్లైసులు 300 ఉంటే మొత్తం 150 మెగాబైట్లు. సెకనుకు 2 మెగాబిట్ల లైనుపై ఏ ఆటంకమూ లేకున్నా ఇది చేరడానికి పది నిమిషాలు పడుతుంది. పక్షవాతంలో మెదడులోని పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అంచనా. గడ్డను కరిగించే మందును సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. ఆ మందుకు ముందు మెదడులో రక్తస్రావం లేదని స్కాన్ చూసి నిర్ధారించుకోవాలి.

అయితే స్కాన్ మొత్తాన్ని పంపి తీరవలసిన పని లేదు. దానిని ఆసుపత్రి సర్వర్‌లోనే ఉంచి, వైద్యుని తెరపై ఆ క్షణాన కనిపించవలసిన దృశ్యాన్ని మాత్రమే పంపే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. స్లైసులను వేగంగా జరుపుతున్నంతసేపు బొమ్మను బాగా కుదించి పంపుతారు. జరపడం ఆపగానే పూర్తి నాణ్యతతో మళ్ళీ పంపుతారు. ఈ రెండవ మెట్టును ఎవరైనా ఖర్చు తగ్గించే పేరుతో తీసివేస్తే ఒప్పుకోకూడదు. కుదింపులో చెరిగిపోయిన సన్నని పగులును ఎంత అనుభవజ్ఞుడైనా చూడలేడు.

వేగం కన్నా ఆలస్యం మరింత ఇబ్బంది పెడుతుంది. భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం ద్వారా వెళ్ళే లింకులో ప్రశ్న వెళ్ళి జవాబు రావడానికే అర సెకను పడుతుంది. లైను ఎంత వెడల్పు చేసినా ఇది తగ్గదు. మౌసు కదిపిన ప్రతిసారీ బొమ్మ కోసం ఆగవలసి వస్తే వైద్యుడు విసిగిపోయి స్లైసులు దాటవేస్తాడు. మనిషి స్వభావమే అంత. అందుకే చూస్తున్న స్లైసుకు ముందూ వెనుకా ఉన్నవాటిని వ్యూయర్ ముందుగానే తెప్పించుకోవాలి.

ఇక ఫిల్మును ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపే అలవాటు. స్కానులో సాధారణంగా 4,096 బూడిద ఛాయలుంటాయి. ఫొటోలో 256 మించవు. ఒకసారి పోయిన ఛాయలు తిరిగి రావు. ఇ.సి.జి. కాగితానికైతే స్పష్టమైన ఫొటో చాలావరకు సరిపోతుంది, స్కానుకు సరిపోదు. మీ ఆసుపత్రిని సి.డి. లేదా లింకు అడగండి. ఫొటో తప్ప వేరే దారి లేకపోతే దానిని 'డాక్యుమెంట్'గా పంపండి. మరోసారి కుదించబడకుండా ఉంటుంది.

ఉద్యోగంలో ఉండగా ఒకసారి నేనూ కొనుగోలు కమిటీలో కూర్చున్నాను. నగరంలోని వేగవంతమైన లైనుపై చూపిన ప్రదర్శన ముచ్చటగా ఉంది, సంతకం చేశాను. ఆ వ్యూయర్‌ను వాడవలసిన ఊరి లైనుపై ఒక్క స్కాన్ తెరిచి చూపించమని అడగాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. అక్కడ మొదటి స్కాన్ తెరుచుకునేసరికి రోగిని ఆంబులెన్సులో ఎక్కించి పంపివేశారు.