పాత ట్రాక్టరుకు లూజు ఆయిలా?

మన పాత ట్రాక్టరు నీలం పొగ వదిలితే ‘చిక్కటి ఆయిల్ పోయండి’ అంటున్నారు షాపులవాళ్లు. అరిగిన రింగులను ఏ ఆయిలూ బాగుచేయదు. కొన్నాళ్లు పొగను దాస్తుందంతే. కంపెనీ పుస్తకంలో 15డబ్ల్యు-40 అని ఉంటే అదే పోయాలి.

డ్రమ్ములోంచి కొలిచిపోసే లూజు ఆయిల్ మరీ ఘోరం. వాడేసిన నూనెనే వడకట్టి అమ్మినా మనకేం తెలుస్తుంది? అయినా సీలు డబ్బా ధర భరించలేకే అటు పోతున్నాం.

2025 సెప్టెంబరులో ట్రాక్టర్లపై జీఎస్టీని 5 శాతానికి తగ్గించిన కేంద్రం ఇంజన్ ఆయిల్‌పై 18 శాతం ఎందుకు గుంజుతోంది? అదీ 5 శాతానికి దించాలి. లూజు అమ్మకాలపై తనిఖీలు జరపాలి. బిల్లులో గ్రేడు రాయించాలి.

దుక్కుల్లో ఇంజన్ పట్టేస్తే రిపేరు ఖర్చు అప్పోసప్పో చేసి తెస్తాం. పోయిన అదను ఎవరు తెస్తారు?