విశ్వాసికి విలాపము తగదా?

ఆప్తులను కోల్పోయినవారిని ‘అంతా దైవేచ్ఛ’ అని ఓదార్చుట మనకు పరిపాటి. ఆ మాట సత్యమే. కాని తొందరపడి పలికిన సత్యము దుఃఖితుని నోరు మూయించును.

ఆంగ్ల సాహిత్యాచార్యుడు సి.ఎస్. లూయిస్ క్రైస్తవ విశ్వాసి. లోకమున బాధ యున్నను దేవుడు ప్రేమమయుడే యని 1940లో ఒక గ్రంథమున వాదించెను. 1960లో భార్య జాయ్ క్యాన్సరుతో మరణింపగా ఆ వాదమేదియు ఆయనను ఓదార్చజాలకపోయెను. దైవప్రేమనే శంకించుచు వ్రాసికొన్న పుటలను 1961లో మారుపేరుతో ప్రకటించెను. అయినను ఆ పుటల చివర విశ్వాసిగనే నిలిచెను.

యాకూబ్ ప్రవక్తయు కుమారునికై దుఃఖించి చూపు కోల్పోయెనని ఖురాను తెలుపుచున్నది. కావున కన్నీరు అవిశ్వాసము కాదని మా అభిప్రాయము. విద్యార్థులారా! దుఃఖితుని చెంత ముందు మౌనముగా కూర్చుండుడు. బోధ పిదప చేయవచ్చును.