నాలుగు నిమిషముల మైలు నేర్పు పాఠము

పాఠశాలలు తెరచిన మొదటి వారములో ఏ విద్యార్థినైనను "ఈ యేడు నీ లక్ష్యమేమి?" అని అడిగినచో, మొదటి ర్యాంకు అనియో, నూటికి తొంబది మార్కులు అనియో సమాధానము వెంటనే వచ్చును. "మరి రేపటి సాయంకాలము ఏమి చేయుదువు?" అని అడిగినచో సమాధానము రాదు. గమ్యమును గూర్చి అంత నిశ్చయము, దారిని గూర్చి అంత అయోమయము ఒకే మనస్సులో ఇముడుట చిత్రమే. ఇది పిల్లల దోషము కాదు. గోడలమీది నినాదములును, సభలలోని ఉపన్యాసములును వారికి నిత్యము చూపుచున్నది గమ్యమును మాత్రమే. క్రీడాకారులను చూచి నేర్చుకొనుడనియు, వారు గొప్ప లక్ష్యము పెట్టుకొనుటచేతనే పతకములు తెచ్చిరనియు బోధించుట కూడ పరిపాటి అయినది. ఆ మాటలో సగమే నిజము. ఉత్తమ క్రీడాకారులు లక్ష్యమును ఎట్టి ముక్కలుగా విభజించుకొందురో, ఎవరి తోడ్పాటుతో దానిని చేరుకొందురో చెప్పకుండ లక్ష్యమును మాత్రమే చూపుట పిల్లలకు మేలు కంటె కీడే చేయవచ్చును.

1954 మే 6వ తేదీ సాయంకాలము ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ నగరమున, ఇఫ్లీ రోడ్డు మైదానములో, రోజర్ బానిస్టర్ అను ఇరువదియైదేండ్ల వైద్యవిద్యార్థి మైలు దూరమును 3 నిమిషముల 59.4 సెకనులలో పరుగెత్తెను. నాలుగు నిమిషములలోపల మైలు పరుగెత్తినట్లు లెక్కకెక్కిన మొదటి మనుష్యుడు ఆయనయే. 1945లో స్వీడన్ దేశీయుడు గుండర్ హేగ్ నెలకొల్పిన 4 నిమిషముల 1.4 సెకనుల రికార్డు దాదాపు తొమ్మిదేండ్లు చెక్కుచెదరక నిలిచియుండెను. మిగిలిన ఆ కొద్దిపాటి వ్యవధి మానవశక్తికి మించినదని తలచినవారును ఉండిరి. ఈ విజయమును ఒక్క మనుష్యుని దృఢసంకల్పమునకు నిదర్శనముగా చెప్పుట వాడుక. కాని దాని వెనుక జరిగినది పరిశీలించినచో, సంకల్పము కంటె విలువైన విషయములు రెండు మూడు కనబడును.

మొదటిది, ఆయన లక్ష్యమును మార్చుకొన్న తీరు. అంతకు రెండేండ్లకు ముందు, 1952లో, హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో 1,500 మీటర్ల పరుగున స్వర్ణపతకమును ఆశించి బానిస్టర్ బరిలో దిగెను. పోటీల క్రమములో అదనముగా ఒక సెమీఫైనల్ పరుగు చేరెను. తక్కువ సాధనతో, తాజా శక్తితో పరుగెత్తుటకు అలవాటుపడిన ఆయన లెక్క తప్పెను. నాలుగవ స్థానము మాత్రము దక్కెను. పరుగే మానివేయుదునా అని రెండు నెలలు ఆలోచించి, తుదకు నాలుగు నిమిషముల మైలును క్రొత్త లక్ష్యముగా స్వీకరించెను. ఈ రెండు లక్ష్యములకును గల భేదము గమనింపదగినది. స్వర్ణపతకము ఇతరుల పరుగుమీద, పోటీల ఏర్పాటుమీద కూడ ఆధారపడియుండును. నాలుగు నిమిషముల లక్ష్యమునకు ఎదుటిపక్షము గడియారము ఒక్కటే. నిన్నటి తన పరుగుతో నేటి తన పరుగును పోల్చుకొనుటకు అందు అవకాశము కలదు.

రెండవది, ఆ లక్ష్యమును ముక్కలు చేసిన పద్ధతి. మైలనగా 440 గజముల చుట్టులు నాలుగు. ఒక్కొక్క చుట్టు సగటున అరువది సెకనులలోపల ముగియవలెను. వైద్యవిద్యార్థికి దినమంతయు మైదానమున గడపు వీలు లేదు. మధ్యాహ్న విరామమే ఆయన సాధనకాలము. ఆ శీతకాలమున రెండేసి నిమిషముల విశ్రాంతితో వరుసగా పది చుట్టులు పరుగెత్తుట ఆయన నియమము. మొదట ఒక్కొక్క చుట్టునకు 66 సెకనులు పట్టెను. నెలల సాధనతో ఏప్రిల్ నాటికి అది 61కి దిగెను. అక్కడ ఆగిపోయెను. ఎంత శ్రమించినను 61 కదలలేదు. అప్పుడు ఆయన చుట్టుల సంఖ్యను పెంచలేదు; సాధన మాని, మిత్రుడు క్రిస్ బ్రాషర్‌తో స్కాట్లండు కొండలకు పోయి కొన్ని దినములు కొండలెక్కెను. తిరిగివచ్చి పరుగెత్తినప్పుడు గడియారము 59 సెకనులు చూపెను. విశ్రాంతి కూడ సాధనలో భాగమని ఇంతకంటె స్పష్టముగా చెప్పు నిదర్శనము దొరకదు. తెల్లవారుజామునుండి రాత్రి ప్రొద్దుపోవు వరకు తరగతులు నడుపుటయే క్రమశిక్షణ అని భావించు విద్యాలయములు ఈ ఒక్క సంఘటనను మననము చేయుట మంచిది.

మూడవది, తోడు. ఆ సాయంకాలము బానిస్టర్ ఒంటరిగా పరుగెత్తలేదు. మొదటి రెండు చుట్టులకు పైగా బ్రాషర్ ముందు నడచి వేగమును నిలిపెను. తరువాత క్రిస్ చాటవే ఆ బాధ్యతను అందుకొనెను. చివరి చుట్టులో ఇంచుమించు సగము మిగిలియుండగా బానిస్టర్ వారిని దాటి ముందుకు సాగెను. మొదటి చుట్టులో ఒక చిన్న సంఘటన జరిగెను. ఉత్సాహము పొంగుచున్న బానిస్టర్‌కు వేగము చాలదని తోచి, ఇంకను త్వరగా పొమ్మని వెనుకనుండి కేకవేసెను. బ్రాషర్ తొందరపడక, అనుకొన్న వేగముననే సాగెను. ఆ చుట్టు 57.5 సెకనులలో ముగిసెను. అనగా వేగము తగ్గియుండలేదు. పరుగెత్తువాని అంచనాయే తప్పు. బ్రాషర్ ఆ కేకకు లొంగి వేగము పెంచియుండినచో, చివరి చుట్టునకు కావలసిన శక్తి మిగిలియుండునో లేదో చెప్పజాలము. మిత్రుని కోరికను కాక మిత్రుని ప్రయోజనమును గుర్తుంచుకొనుటయే నిజమైన సహకారము.

ఇతరునికి దారి చూపినవాడు తాను వెనుకబడునను భయము చాలమందికి కలదు. ఆ భయమునకు ఆధారము లేదని ఈ మిత్రులే చూపిరి. చాటవే అదే సంవత్సరము అక్టోబరులో 5,000 మీటర్ల పరుగున ప్రపంచ రికార్డు నెలకొల్పెను. బ్రాషర్ 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్ పందెమున స్వర్ణపతకము గెలుచుకొనెను.

ఇది దూరదేశపు కథ, పాతకాలపు కథ యని త్రోసివేయ పనిలేదు. తెలుగునాట ఇటీవలి ఉదాహరణములు కలవు. విశాఖపట్టణమునకు చెందిన జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్ పందెములో 2022 ఏప్రిల్‌లో 13.09 సెకనుల పరుగు పరుగెత్తెను. 2002 నాటి 13.38 సెకనుల జాతీయ రికార్డు కంటె అది మెరుగే. కాని వీపువైపునుండి వీచిన గాలి అనుమతించిన హద్దును కొంచెము మించుటచేత అది లెక్కకు రాలేదు. ఆమె మరల పరుగెత్తెను. మే నెలలో 13.23తో పాత రికార్డును అధికారికముగా దాటెను. ఆ నెల ముగియకముందే దానిని 13.11కును, 13.04కును తగ్గించెను, అక్టోబరులో 12.82కు, 2023 ఆగస్టులో 12.78కు తెచ్చెను. పదునైదు నెలలలో తగ్గినది అర సెకను కూడ కాదు. అంత స్వల్పమైన మెరుగుదలకు అంతటి సాధన అవసరమని గ్రహించిన విద్యార్థి, ఒక పరీక్షలో రెండు మార్కులు పెరిగినప్పుడు దానిని చిన్నచూపు చూడడు.

సమష్టికృషికి 2022 మే 15న బ్యాంకాక్‌లో ముగిసిన థామస్ కప్ బ్యాడ్మింటన్ పోటీలు సాక్ష్యము. అప్పటికి పదునాలుగు పర్యాయములు ఆ కప్పు గెలిచిన ఇండొనేషియాను భారతజట్టు ఫైనల్‌లో 3–0తో ఓడించి, మొట్టమొదటిసారిగా దానిని తెచ్చెను. ఆ జట్టులో అమలాపురమునకు చెందిన సాత్విక్ సాయిరాజు, కిదాంబి శ్రీకాంత్ అను తెలుగువారుండిరి. క్వార్టర్‌ఫైనల్‌లో మలేషియాతోను, సెమీఫైనల్‌లో డెన్మార్కుతోను పోరు 2–2తో సమమైనప్పుడు, కడపటి ఆట గెలిచి జట్టును గట్టెక్కించినవాడు కేరళీయుడైన ప్రణయ్. డెన్మార్కుతో ఆడునప్పుడు కాలిమడమవద్ద గాయపడియు ఆయన ఆట విడువలేదు. ఫైనల్‌లో ఆయనది ఐదవ ఆట. మొదటి మూడు ఆటలలోనే విజయము సిద్ధించుటచేత ఆయన బరిలో దిగ పని కలుగలేదు. ఆయన ఆడని ఆ ఫైనల్ ఆయన గెలిచిన రెండు ఆటలు లేక జరుగనే జరుగదు.

ఈ అలవాటులను తరగతి గదికి తెచ్చుట కష్టము కాదు. "గణితములో తొంబది మార్కులు" అనునది కోరిక. "ప్రతిరాత్రి పుస్తకము మూసి మూడు లెక్కలు చేయుదును, తప్పిన మెట్టును మరునాడు ఉపాధ్యాయుని అడుగుదును" అనునది సాధన. తెలుగు వ్రాతలో దోషములు పోవలెనన్న, దినమునకు పది పదములు ఒత్తులు, దీర్ఘములు తప్పకుండ వ్రాయుట చాలును. ప్రతి విద్యార్థియు ఒక చిన్న పుస్తకమున తన నిన్నటి లెక్కను, నేటి లెక్కను ప్రక్కప్రక్కన వ్రాసికొనవలెను. అందులో తోటివాని మార్కులకు చోటుండరాదు. ఇక నలుగురేసి విద్యార్థులను ఒక జట్టుగా కూర్చి, ఒక పాఠము బాగుగా వచ్చినవాడు దానిని మిగిలిన మువ్వురకు చెప్పునట్లును, మరియొక పాఠమునకు మరియొకడు ముందు నడచునట్లును ఉపాధ్యాయుడు ఏర్పాటు చేయవచ్చును. ర్యాంకుల భయముతో నోటుపుస్తకమును మిత్రునికి కనబడకుండ దాచుకొను దుస్థితి అప్పుడు తొలగును. ఇతరులకు చెప్పబోయినప్పుడే తనకు తెలియనిదేదో తెలియునని ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను ఒక హెచ్చరిక అవసరము. లోకము చెప్పుకొనునవి గెలిచినవారి కథలే. వారివలెనే శ్రమించి, శిక్షకుడు లేకయో, మైదానము లేకయో, పుష్టికరమైన ఆహారము లేకయో వెనుకబడినవారు ఎందరో కలరు. కృషి చేసినచో ఎవరైనను మొదటివారగుదురని పిల్లలకు చెప్పుట అసత్యము. మొదటి స్థానము ఒక్కటే గదా! ఆ ఒక్క స్థానమునకు తన విలువనంతయు ముడివేసికొన్న పసిమనస్సు, అది దక్కనినాడు తట్టుకొనలేక విరిగిపోవుట మన యిండ్లలో, మన ఊళ్లలో చూచుచున్నదే. ఫలితములు వెలువడు దినమున తల్లిదండ్రుల గుండెలు దడదడలాడుట మార్కుల కొరకు మాత్రమే కాదు. బానిస్టర్ నెలకొల్పిన రికార్డు సయితము నిలిచినది నలుబదియారు దినములే. జూన్ 21న ఫిన్లండులో ఆస్ట్రేలియా దేశీయుడు జాన్ లాండీ దానిని అధిగమించెను. కాని మధ్యాహ్న విరామములో పది చుట్టులు నియమముగా పరుగెత్తిన ఆ శ్రద్ధను ఎవరును అధిగమించి తీసికొనిపోలేదు. బానిస్టర్ అటుపిమ్మట నాడీవైద్యమున నిపుణుడై దీర్ఘకాలము సేవచేసెను. రికార్డు పోయినను అలవాటు మిగిలెను.

కావున పాఠశాలలు చేయవలసిన మార్పు ఒకటి కలదు. వార్షికోత్సవమున మొదటి ర్యాంకు వచ్చిన విద్యార్థిని వేదికమీదికి పిలిచి సన్మానించుట యుక్తమే. ఆ సభలోనే మరి ఇద్దరి పేర్లు కూడ చదువవలెను. నిరుటి తన మార్కుల కంటె ఎక్కువగా మెరుగుపడిన విద్యార్థి పేరు ఒకటి. తాను చదువుకొనుచు తోటివారికి చెప్పి, వారిని గట్టెక్కించిన విద్యార్థి పేరు మరియొకటి. మొదటి ర్యాంకు విద్యార్థి ఎవరో ఫలితముల పట్టికయే తెలుపును. తక్కిన యిద్దరు ఎవరో తెలియవలెనన్న ఉపాధ్యాయుడు సంవత్సరమంతయు తరగతి గదిలో కన్నులు తెరచికొని యుండవలెను.