పతకమూ, నాల్గవ పాదమూ

భగవద్గీత ద్వితీయాధ్యాయంలోని 47వ శ్లోకం ఉటంకింపబడని ఉపన్యాసం తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో అరుదు. ఆ శ్లోకానికి నాలుగు పాదాలున్నాయి. కర్మయందే అధికారమని మొదటిది, ఫలములయందు లేదని రెండవది, కర్మఫలానికి హేతువు కావద్దని మూడవది, అకర్మయందు ఆసక్తి వద్దని నాల్గవది చెబుతాయి. జనవ్యవహారంలో రెండవ పాదం స్థిరపడింది, నాల్గవది విస్మృతమైంది. నలభై దాటిన గృహస్థుడు ఏదైనా నూతన విద్య ఆరంభిస్తే, "ఈ వయసులో నీకెందుకు నాయనా ఇదంతా, గోవిందా అనుకోక!" అని హితవు చెప్పేవారు అందువల్లనే అధికం. అది వైరాగ్యమా, వైరాగ్యవేషం ధరించిన తమోగుణమా అన్నది విచార్యం.

వయోజనుల ఫిగర్ స్కేటింగ్ ఈ విచారణకు చక్కని దృష్టాంతం. వేసవిలో నిప్పులు చెరిగే ఈ సీమలో మంచుగడ్డ ఫ్రిజ్జులో తప్ప కనబడదు గనుక ఉదాహరణ దూరదేశం నుండి తేవలసి వచ్చింది. జర్మనీలోని ఆల్ప్స్ పర్వతాల నడుమ ఓబర్స్ట్‌డార్ఫ్ అనే చిన్న పట్టణం ఉంది. 28 సంవత్సరాలు నిండిన అమెచ్యూర్ క్రీడాకారులకు 2005 నుండి అక్కడ అంతర్జాతీయ పోటీలు జరుగుతున్నాయి. పదేళ్ల అంతరంతో వయోవర్గాలు ఏర్పరచారు. డెబ్భై దాటినవారికి కూడా స్థానముంది. పగలు ఉద్యోగం, తెల్లవారుజామున అభ్యాసం, నడుమ మోకాళ్ల నొప్పులు. ఇదీ వారి దినచర్య.

వారి పాదుక కింది ఉక్కుపలక మందం సుమారు 4 మిల్లీమీటర్లు. దాని మధ్య సన్నని గాడి, గాడికి ఇరువైపులా రెండంచులు. స్కేటింగ్ విద్య యావత్తూ ఏదో ఒక అంచుపై వాలి సాగడంలోనే ఉంది. రెండంచులపై ఒకేసారి నిలిస్తే అది దోషంగా పరిగణింపబడుతుంది. సమత్వమంటే ఎటూ మొగ్గక మధ్యలో నిలవడమేనని భావించే వేదాంత విద్యార్థి ఈ ఒక్క విషయాన్ని కొంతసేపు మననం చేయవచ్చు. పూర్ణంగా వాలి, పడిపోకుండుట ఇక్కడి సమత్వం. కొన్ని వందల పతనాల తరువాతనే అది దేహానికి వశమవుతుంది.

తెలుగువారు ఈ విద్యను మంచుపై గాక చక్రాలపై సాధించారు. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యమ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో కళాత్మక రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్య పతకాలు సాధించారు. ఒకటి వ్యక్తిగత విభాగంలో, రెండవది అవనీ పంచాల్‌తో కలిసి యుగళ విభాగంలో. 2015లో అర్జున పురస్కారం లభించింది. దేశం చూసిన, దేశం సత్కరించిన పతకాలవి. వయోజన సాధకుని పతకానికి అట్టి వైభవమేదీ లేదు. పురస్కారం లేదు, ఉద్యోగంలో కోటా లేదు. ఒక్కొక్కప్పుడు వయోవర్గంలో ముగ్గురే పోటీదారులుంటారు. ముగ్గురికీ పతకాలు వస్తాయి. లోకం దీనిని చూసి నవ్వుతుంది. తత్త్వజిజ్ఞాసువు నవ్వవలసిన పనిలేదు. లౌకిక ప్రయోజనం ఇంతగా క్షీణించిన ఫలం కోసం ఒక మనిషి సంవత్సరాల తరబడి శ్రమిస్తున్నాడంటే, అతడిని నడిపించేది ఫలం కాదు, కర్మయందలి ప్రీతియే.

అలాగని పతకాన్ని తిరస్కరించడం నిష్కామత్వం కాదు. తిరుమలలో లడ్డూ స్వీకరించిన భక్తుడు ఇది నా ప్రతిభకు దక్కిందని అనుకోడు, ఇంటికి తెచ్చి గోడకు వేలాడదీయడు, ఇరుగుపొరుగుకు పంచిపెడతాడు. కర్మఫలాన్ని ప్రసాదబుద్ధితో స్వీకరించమని ఆచార్యులు చెప్పేది ఈ భావాన్నే. అయితే గృహస్థధర్మానికి లోపం రాకూడదు. పిల్లల చదువుకు దాచిన ధనం పాదుకలకూ శిక్షకులకూ ప్రవహిస్తే దానిని కర్మయోగమని సమర్థించరాదు. అది వ్యసనం.

ఈ వాదానికి బలమైన ఆక్షేపం ఈ నేలనుండే వచ్చింది. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి పోలికయే భయానికి మూలమని జీవితమంతా బోధించారు. తనకు కట్టబెట్టిన జగద్గురు స్థానాన్నే 1929లో త్యజించిన వ్యక్తి ఆయన. పతకాల గురించి మాట్లాడే అర్హత ఆయన కన్న ఎవరికుంది? ముగ్గురిలో మూడవవాడైనా, నిన్నటి తనతో నేటి తనను పోల్చుకొనేవాడైనా బంధంలోనే ఉన్నాడని ఆయన దృష్టి. ఈ ఆక్షేపాన్ని సులభంగా తోసివేయలేము. పోలిక పతకంతోనే పుట్టిందా అన్నది మాత్రం సందేహాస్పదం. అలిపిరి నుండి 3,550 మెట్లు ఎక్కేవారికి ఎవరూ ర్యాంకులివ్వరు. అయినా పైకి చేరినవాడు గడియారం చూసుకొని, పక్కవాడిని "మీకెంతసేపు పట్టింది సామీ?" అని అడుగుతాడు.

కాగా, తెలుగునాట స్కేటింగ్ మైదానాలలో సాయంవేళ పరిచితమైన దృశ్యం ఒకటుంది. పిల్లలు చక్రాలపై తిరుగుతుంటారు; తల్లిదండ్రులు నీళ్ల సీసాలు పట్టుకొని గట్టుపై కూర్చుంటారు. పతకాల ఆశ అంతా పిల్లలపైనే, అదీ తీవ్రంగా. తమ విషయం వచ్చేసరికి వారికి రెండవ పాదం జ్ఞప్తికి వస్తుంది.