బిడ్డ యడుగు ప్రశ్న

పెట్టెలోని సొమ్ము తీసి బిడ్డ మెడలో వేయవచ్చును గాని విశ్వాసము నట్లు వేయజాలము. ప్రహ్లాదుడు తల్లి గర్భమున నుండి నారదుని బోధ వినెననియు, కాలక్రమమున తల్లి దానిని మఱచినను తాను మఱువలేదనియు భాగవతమున చదువుకొన్నాము. తిమోతియొక్క విశ్వాసము మొదట అవ్వయైన లోయియందును, తల్లియైన యునీకేయందును ఉండెనని పౌలు వ్రాసెను. తల్లి యొడిలో విన్నది బిడ్డలో నిలుచును. మనము యథాలాపముగా అన్న మాటయు అట్లే నిలుచును. భయపడవలసిన సంగతి యిదియే.

బందరులో రాబర్టు నోబుల్ దొర 1843లో స్థాపించిన పాఠశాలలో 1852లో ఇరువురు విద్యార్థులు బాప్తిస్మము పొందిరి. ఊరు కలతపడెను, పెక్కండ్రు తలిదండ్రులు పిల్లలను బడి మాన్పించిరి. ఆనాటివారు అడిగి, తెలిసికొని, అయినవారిని విడిచి నమ్మిరి. మన బిడ్డలకో విశ్వాసము ఉగ్గుపాలతోనే వచ్చుచున్నది. కావున వారు అడుగవలసిన ప్రశ్నలు మన యింటనే, మననే అడుగుదురు.

మా పాలకాయతిప్ప సముద్రపు టంచున నున్నది. వలలు, పడవలు ఎఱిగిన యిచ్చటి బిడ్డకు, క్రీస్తు గలిలయ సముద్రముపై గాలిని గద్దించి నిమ్మళింపజేసిన కథ చెప్పిచూడుడు. "అమ్మా! మఱి మన ఉప్పెనను ఏల గద్దింపలేదు?" అని వెంటనే అడుగును. మా యింటను అడిగిరి. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయిరి. 1977 నవంబరు 19, శనివారమున దివిసీమపై పడిన ఉప్పెనలో 10,000 మందికి పైగా పోయిరి. ప్రార్థించినవారును, ప్రార్థింపనివారును, చంటిబిడ్డలును ఒక్క నీటనే కొట్టుకొనిపోయిరి.

"పాపము పండినవారే పోయిరి" అని చెప్పు పెద్దలు కొందఱు గలరు. ఆ మాట బిడ్డ చెవిని పడనీయరాదు. తాతను పోగొట్టుకొన్న యింటి బిడ్డ అది విని తాతనైనను ద్వేషించును, దేవునినైనను ద్వేషించును. సిలోయములో గోపురము కూలి 18 మంది చచ్చినప్పుడు, వారు తక్కినవారికంటె పాపాత్ములు కారని క్రీస్తే చెప్పినట్లు లూకా సువార్త 13వ అధ్యాయమున నున్నది. "ప్రార్థించినవారిని దేవుడు కాచెను" అనుటయు మంచిది కాదు. అట్లైన పోయినవారి ప్రార్థన యేమైనదని బిడ్డ యడిగినచో మనయొద్ద ప్రత్యుత్తరము లేదు.

మేము "ఏలనో మాకును తెలియదు, నాయనా" అని చెప్పితిమి. అడుగుట పాపము కాదనియు, యోబంతటి భక్తుడు దేవునినే నిలదీసి అడిగెననియు, లాజరు సమాధియొద్దకు పోవుచు క్రీస్తు కన్నీరు విడిచెననియు చెప్పితిమి. తెలియదన్న తల్లిని బిడ్డ చులకన చేయునని జంకనక్కఱలేదు. తెలియకయే మోకరించు తల్లిని చూచి బిడ్డ నేర్చునది, అంతయు తెలిసినట్లు పలుకు తల్లివలన నేర్వజాలదు.

ఇక ఇంటి నియమములు. దీపము పెట్టిన వెనుక ఒక చిన్న అధ్యాయము, బిడ్డ తన సొంత మాటలతో చేయు ప్రార్థన చాలును. నిదురతో తూలు బిడ్డను మోకాళ్లపై నిలుపరాదు. నవంబరు 19న ఆ యింటినుండి పోయినవారి పేర్లు తలచి, ఆనాడు వండినదానిలో కొంత పొరుగింటికి, వారి మతమెంచక, బిడ్డచేతనే పంపవలెను. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ప్రార్థించి, మంచినీళ్లు, మందులు, ముఖ్యమైన కాగితములు మూటగట్టుకొని, పెందలకడనే తుఫాను రక్షణ గృహమునకు నడువవలెను. ప్రార్థించితిమి గదా యని యింట కూర్చుండుటయే భక్తి యని బిడ్డ యెన్నడును తలపరాదు.

హంసలదీవి వేణుగోపాలస్వామిని కొలుచు తల్లికిని ఈ కడలియొడ్డున ఈ ప్రశ్న తప్పదు. మా చదువరులు తమ యిండ్ల బిడ్డలకు ఏమని చెప్పుచున్నారో తెలియజేసిన మిక్కిలి సంతోషింతుము.