గోదారికి అందని అటక

ఆ ఆదివారం పొద్దున్నే నాన్న భద్రాచలం నుంచి ఫోన్ చేశారు. "అమ్మలూ, ఉషశ్రీ క్యాసెట్టు కంప్యూటర్లోకి ఎక్కించానన్నావు కదా, ఒకసారి వినిపించవే" అని. దానికేం భాగ్యం అనుకుంటూ బీరువాలోంచి హార్డ్‌డిస్కు తీసి ల్యాప్‌టాప్‌కి తగిలించాను. టిక్... టిక్... టిక్. లైటు వెలుగుతోంది, లోపల ఏదో తిరుగుతోంది, ఒక్క ఫైలూ కనపడదు. వైరు మార్చాను, చోటు మార్చాను, దేవుడికి దండం కూడా పెట్టాను. సాయంత్రం రిపేరు కుర్రాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, పెద్దాసుపత్రి డాక్టరులా తలూపాడు. "హెడ్డు పోయిందక్కా. వేరే కాపీ ఉందా?"

లేదు. అదే కదా అసలు సంగతి.

ఈ తరం పిల్లలకి ఉషశ్రీ ఎవరో చెప్పాలి. విజయవాడ ఆకాశవాణి నుంచి రామాయణం, భారతం చెప్పి ఊళ్లకు ఊళ్లని రేడియో ముందు కూర్చోబెట్టిన గొంతు ఆయనది. భద్రాద్రి రాముడి కల్యాణానికి ఆయన చెప్పిన ప్రత్యక్ష వ్యాఖ్యానం వింటే, చూసినవాళ్ల కంటే విన్నవాళ్లే ఎక్కువ చూశారనిపిస్తుంది. 1990లో ఆయన వెళ్లిపోయారు. మా నాన్న 1985 శ్రీరామనవమి నాడు ఆ వ్యాఖ్యానాన్ని రికార్డు చేశారు. గుడికి కూతవేటు దూరంలో ఉండి రేడియోలో వినడమేమిటంటారా? మండపం దగ్గర ఆ రోజు ఇసుక వేస్తే రాలదు, నానమ్మకేమో మోకాళ్ల నొప్పులు. వైర్లూ గియర్లూ తెలియవు కాబట్టి, రేడియో పక్కనే టేప్ రికార్డరు పెట్టి మీట నొక్కారు. దాంతో కల్యాణంతో పాటు మా ఇల్లంతా రికార్డయింది. సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకి నానమ్మ గొంతు: "ఒరే, పొయ్యి మీద పాలు చూడండ్రా!" ఆవిడ గొంతు మాకు మిగిలింది ఆ ఒక్క వాక్యంలోనే.

మరుసటి ఏడాది, 1986 ఆగస్టులో, గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకొచ్చింది. ఇప్పటికీ అదే రికార్డు. ఇంట్లోవాళ్లు బియ్యం మూట, పొలం కాగితాలు, క్యాసెట్ల డబ్బా పట్టుకుని మెరక మీదున్న బడికి చేరారు. అంత వరదని దాటిన పాటల్ని నేను బీరువాలో భద్రంగా పెట్టి పోగొట్టాను!

క్యాసెట్టు ఇంకా ఉంది కాబట్టి ఆ గొంతు దక్కింది. దక్కనివి వేరే ఉన్నాయి. ఫోన్లో "స్థలం లేదు" అని వచ్చినప్పుడల్లా వీడియోలన్నీ ఆ డిస్కులోకి ఎక్కించి ఫోన్ ఖాళీ చేసేదాన్ని. మా పాప తొలి అడుగులు, తాతయ్య మనవరాలికి పలక మీద అక్షరం దిద్దించడం, నాలుగేళ్ల పండగలు. అన్నీ ఆ టిక్‌టిక్‌లోనే ఉన్నాయి.

అప్పుడు పట్టుబట్టి మొదలుపెట్టిన పని ఇది. ఇంటిల్లిపాదికీ కలిపి ఒక గాదె. కంప్యూటర్ వాళ్లు దీన్ని 'నాస్' అంటారు. ఇంట్లో వైఫై డబ్బాకి తగిలించి ఉండే నిల్వ పెట్టె అనుకోండి. అందులో ఒకచోట పెట్టిన పాట టీవీలో వినొచ్చు, వీడియో ఫోన్లో చూడొచ్చు. ఇంకో మాట, మన్యం అంచున ఉన్నవాళ్లకి ముఖ్యమైనది: దీనికి ఇంటర్నెట్టుతో పని లేదు. చర్ల, దుమ్ముగూడెం వైపు గాలివానకి సిగ్నలు పోయినా, కరెంటుంటే చాలు, మీ ఇంటి పాట మీ ఇంట్లో మోగుతుంది.

రెడీమేడ్ పెట్టెల ధర చూసి గుండె గుభేల్‌మంది. లోపల ఒక్క డిస్కు కూడా లేకుండానే ఇరవై వేల మాట. ఇక్కడే ఓ పాత కథ గుర్తొచ్చింది. 1988లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక పరిశోధన పత్రం రాశారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు, చవక డిస్కులు కొన్నిటిని జట్టు కట్టిస్తే సరిపోతుందన్నారు. ఆ జట్టుకి పెట్టిన పేరే 'రెయిడ్'. అందులో 'ఐ' అక్షరానికి వాళ్లిచ్చిన అర్థం 'చవకైన' అనే! గూగుల్ పుట్టకముందు దాని వ్యవస్థాపకులు స్టాన్‌ఫర్డ్‌లో 4 జీబీ డిస్కులు పదింటిని పిల్లల లెగో ఇటుకల పెట్టెలో పేర్చుకున్నారు. వాళ్లకి లేని నామోషీ మనకెందుకు?

ఖమ్మంలో పాత కంప్యూటర్లు అమ్మే కొట్లో, ఏదో ఆఫీసు వదిలించుకున్న ఐ3 డెస్క్‌టాప్ ఆరు వేలకి దొరికింది. 4 టీబీ డిస్కులు రెండు, సిస్టం కోసం చిన్న ఎస్ఎస్‌డీ, నాలుగు మీటర్ల క్యాట్-6 వైరు... మొత్తం ఇరవై ఏడు వేల దగ్గర తేలింది. డిస్కుల దగ్గర మాత్రం కొట్టు కుర్రాడితో వాదన పడింది. "ఏదైనా ఒకటేనక్కా" అంటాడు. ఒకటి కాదు. కొన్ని డిస్కుల్లో సమాచారాన్ని పెంకుటింటి కప్పులా, ఒక వరస మీదికి ఇంకో వరస కొంచెం ఎక్కేలా రాస్తారు. వాటిని 'ఎస్ఎంఆర్' అంటారు. మధ్యలో ఒక్క పెంకు మార్చాలంటే పక్కవన్నీ ఎత్తి మళ్లీ పేర్చాలి కదా, ఇదీ అంతే. ఒక డిస్కు పోయి, కొత్తది పెట్టి జత కలపాల్సిన రోజున ఇవి నత్తనడక నడుస్తాయి. వరసల్ని విడివిడిగా రాసే 'సీఎంఆర్' రకమే కావాలని కూర్చున్నాను. తెచ్చిచ్చాడు, కాస్త మొహం ముడుచుకుని.

సాఫ్ట్‌వేరుకి పైసా ఖర్చు లేదు. ఓపెన్‌మీడియావాల్ట్ అని డెబియన్ లైనక్స్ మీద నడిచేది ఒకటి ఉంది, ఉచితం. టీవీలో బొమ్మలతో సహా సినిమాల పట్టికలా చూపించడానికి జెల్లీఫిన్, అదీ ఉచితమే. ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది. లోపలి పనంతా అయ్యాక తెర, కీబోర్డు పీకేసి, పెట్టెని అటక మీదికెక్కించాం.

ఒకచోట మాత్రం బోర్లా పడ్డాను. ఫైళ్లు ఎక్కించడం మొదలుపెడితే పొద్దున్నుంచి రాత్రి దాకా కదలదే! చూస్తే నెట్ కనెక్షన్‌తో పాటు ఊరికే ఇచ్చిన డబ్బాకున్న వైరు రంధ్రాలు 100 మెగాబిట్లవి. దాంట్లోంచి సెకనుకి 11 మెగాబైట్లకి మించి పోదు. ఒక టీబీ ఎక్కాలంటే ఇరవై అయిదు గంటలు. గిగాబిట్ స్విచ్ ఒకటి తెచ్చి మధ్యలో పెట్టాక అదే పని మూడు గంటల లోపు అయింది. మీరు చేసేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే.

క్యాసెట్టు కథా చెప్పాలి. 90 నిమిషాల టేపుని సీడీ నాణ్యతతో ఎక్కిస్తే 950 మెగాబైట్లు. నాణ్యత ఏమాత్రం తగ్గకుండా మడత పెట్టే 'ఫ్లాక్' రూపంలో దాదాపు సగం. 1956లో ఐబీఎం తయారుచేసిన తొలి హార్డ్‌డిస్కు యంత్రం టన్ను బరువుండి 5 మెగాబైట్లు పట్టేది. ఉషశ్రీ గారి ఒక్క క్యాసెట్టు కోసం అలాంటివి 190 కావాలి! ఇప్పుడు నా అటక మీది ఒక్కో డిస్కులో మడత పెట్టకుండానే నాలుగు వేల క్యాసెట్లు పడతాయి.

రెండు డిస్కుల్లోనూ ఒకటే సరుకు, ఒకటి పోయినా రెండోది ఉంటుంది, ఇక నిశ్చింత అనుకున్నాను. మూడో వారంలో మా మేనల్లుడు ఆటల కోసం చోటు చేస్తూ ఒక ఫోల్డరు తుడిచేశాడు. తక్షణమే రెండు డిస్కుల్లోనూ పోయింది. అద్దం లక్షణం అదే మరి, మీరు బొట్టు చెరిపేసుకుంటే అద్దంలో బొట్టు మిగలదు. అందుకే ఈ విద్య తెలిసినవాళ్లు మూడు-రెండు-ఒకటి అంటారు. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి మాత్రం ఇంకో ఊళ్లో.

ఇంకో ఊరంటే ఖమ్మంలో అక్క ఉంది. పెట్టె అమ్మానాన్నల దగ్గర భద్రాచలంలో, విడి డిస్కులో మూడో కాపీ అక్కవాళ్లింట్లో. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులకి, రెండోది 48కి, మూడోది 53కి అని మాకు ఎక్కాల్లా వచ్చు. 2022 జులైలో నీళ్లు 71.3 అడుగులకొచ్చి ఊరు బిక్కుబిక్కుమన్నప్పుడు ఖమ్మమే మాకు దిక్కు. కాబట్టి గోదారి వస్తే ఖమ్మం కాపీ కాపాడుతుందని లెక్క.

2024 సెప్టెంబరు 1న మున్నేరు వచ్చింది. అక్కవాళ్లది వాగు ఒడ్డు కాలనీ. బావ, పిల్లలు డాబా మీదికెక్కి రాత్రంతా గడిపారు. నీళ్లు తీశాక అక్క ఫోన్ చేసి ఏడ్చింది, ఫ్రిజ్జు గురించి కాదు. "నీ డిస్కు కింది అరలోనే పెట్టానే, బురద పట్టింది" అని. గోదారిని లెక్కేసుకున్నదాన్ని మున్నేరుని మరిచిపోయాను. అదృష్టం, ఆ రోజు భద్రాచలం పెట్టె క్షేమంగా ఉంది. ఇప్పుడు మూడో కాపీ హైదరాబాదులో నా దగ్గర, నాలుగో అంతస్తులో.

ఒక ఇంటి గోలకి ఇంత హడావిడా అనిపించొచ్చు. మణుగూరు దగ్గర కూనవరంలో (శబరి గోదారిలో కలిసే కూనవరం కాదు, ఇది వేరు) సకిని రామచంద్రయ్య గారుండేవారు. డోలు వాయిస్తూ, సమ్మక్క సారలమ్మ కథనీ కోయల వంశగాథల్నీ తెలుగులో, కోయ భాషలో పాడేవారు. కాగితం లేదు, పుస్తకం లేదు, అంతా నోటికే. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆయన పాడింది ఎంత రికార్డయిందో అంతే మిగిలింది. ఆ పాటలు వచ్చిన పెద్దవాళ్లు మన్యం గూడేల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల మనవల ఫోన్లలో, వేలిగోరంత మెమరీ కార్డుల్లో ఆ గొంతులూ ఉన్నాయి. ఫోన్ నీళ్లలో పడే దాకా.

1940లలో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి ఫొటోలు తీశాడు, 1945లో వాళ్ల మీద పుస్తకం అచ్చేశాడు. ఆయన ఫొటోలు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థ భద్రపరిచింది. పోలవరం ముంపులో ఊళ్లు వదులుకుంటున్న కొండరెడ్డి కుటుంబంలో ఎవరికైనా ముత్తాతల నాటి ముఖాలు చూడాలనిపిస్తే లండన్ వైపు చూడాలి. ఊళ్లో బడిలోనో పంచాయతీలోనో ఇరవై ఏడు వేల పెట్టె ఒకటి ఉంటే ఎలా ఉంటుందో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

మా ఇంట్లో ఇప్పుడు గొడవల్లా కరెంటు గురించే. ఆ పెట్టె 50 వాట్ల లెక్కన నెలకి 36 యూనిట్లు తాగుతుంది. రాస్‌ప్‌బెరీ పై లాంటి అరచేతి కంప్యూటరు పెడితే అంతకంటే చాలా తక్కువతో పోతుంది, ఆ లెక్క నాన్నకి నేనే చెప్పి తప్పు చేశాను. రాత్రి పడుకునే ముందు నీళ్ల మోటారు ఆపినట్టు స్విచ్ బోర్డు దగ్గర టక్కున ఆపేస్తున్నారు. "అలా ఆపకూడదు నాన్నా, డిస్కులు పాడవుతాయి" అంటే వినరు. చివరికి రాత్రి పదికి దానంతటదే పద్ధతిగా ఆరిపోయి, పొద్దున అయిదింటికి లేచేలా పెట్టాను. మొన్న ఫోన్ చేసి ఫిర్యాదు చేశారు, "అయిదున్నరకి నానమ్మ పాలు చూడమంటోంది, అమ్మ నిజంగానే లేచి వంటింట్లోకి వెళ్లింది" అని.