తాళంచెవి లేని కాపలా

పూర్వం ఊరి పహాణీ పట్వారీ పెట్టెలో ఉండేది. 1984లో పట్వారీ వ్యవస్థ రద్దయింది. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. నేడు చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో గుంట సాగుభూమి చేతులు మారాలన్నా తహసీలు కార్యాలయంలోని కంప్యూటరు ముందుకు రావలసిందే. నగరానికి ఆనుకొని, భూమి ధర ఆకాశాన్నంటిన ఈ ప్రాంతంలో ఆ కంప్యూటరు కాపలా చిన్న విషయం కాదు.

అసలు లెక్కలు రాష్ట్ర సర్వరులో ఉంటాయని అధికారులు అనవచ్చు. నిజమే. కాని అక్కడికి దారి బల్ల మీది ఈ యంత్రమే. ఇల్లు ఎంత గట్టిదైనా దొడ్డి తలుపుకు గడియ లేకపోతే ఏం లాభం?

2017 మే 12న వాన్నాక్రై అనే పురుగు 150 దేశాల కంప్యూటర్లపై పడింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, గుంటూరు, విశాఖపట్నం తదితర జిల్లాల పోలీసు కంప్యూటర్లూ దానికి చిక్కాయి. ఎవరూ ఏమీ నొక్కకుండానే నెట్‌వర్కు తీగ వెంట ఒక యంత్రం నుంచి మరొకదానికి పాకి, ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు అడిగింది. ఆ లోపానికి మైక్రోసాఫ్టు మార్చి 14నే మరమ్మతు విడుదల చేసింది. అది వేయని యంత్రాలే దెబ్బతిన్నాయి.

మరమ్మతు చేత్తో వేయాలంటే తరచు అడ్మిన్ పాస్‌వర్డు కావాలి. అది రోజువారీ ఆపరేటరు చేతిలో లేకపోవడం మంచిదే. దొంగ ప్రోగ్రాం దూరినా యంత్రమంతా దాని వశం కావడం కష్టం. కాని పాస్‌వర్డు ఉన్నవారు నెలల తరబడి ఇటు రాకపోతే నష్టానికి జవాబుదారీ ఎవరు? అధికారం ఒకరిది, నింద మరొకరిదా?

అధికారం లేని ఆపరేటరు చేయగలిగినవీ ఉన్నాయి. కుర్చీ దిగితే తెరకు తాళం వేయాలి. బయటి పెన్‌డ్రైవు పెట్టనీయరాదు. ఆఫీసు ఉత్తరాల నకలు వేరే డిస్కులో దించి, దానిని ఊడదీసి బీరువాలో ఉంచాలి. అనుమానం రాగానే ముందు నెట్‌వర్కు తీగ పీకాలి. లోపం కనబడితే తహసీల్దారుకు రాసి ఇవ్వాలి. నోటిమాటకు దస్త్రం ఉండదు. ప్రజలూ తమ పెన్‌డ్రైవు ఇచ్చి కాపీ వేయమని ఒత్తిడి చేయరాదు.

మిగిలినది పైవారి పని. విండోస్ 10కు మామూలు ఉచిత మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అలాంటి పాత యంత్రాలు ఏ మండలంలో ఎన్ని ఉన్నాయో కొంగర కలాన్ కలెక్టరేటు లెక్క తీయాలి. నెలకొక నిర్ణీత దినాన సాంకేతిక సిబ్బందిని ప్రతి మండలానికీ పంపాలి. తహసీల్దారు డిజిటల్ సంతకం కీ ఆయన చేయి దాటరాదు. దాడి జరిగితే 6 గంటల్లో కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలన్న నియమం 2022లోనే వచ్చింది. ఆ ఫోను ఎవరు చేయాలో ప్రతి కార్యాలయంలో గోడ మీద రాసి ఉండాలి.

రైతు తన పొలానికి గట్టు తానే వేసుకుంటాడు. కంప్యూటరులోని పొలానికి గట్టు వేయవలసింది ప్రభుత్వమే. కాపలా అప్పగించినవారు తాళంచెవి కూడా ఎవరో ఒకరికి అప్పగించాలి.